మేడమీది మూలగది

పోయిన వారం పెద్ద మేడమ్‌ను కొత్త గది గుమ్మంలో నిలబెట్టి ఆపేశాం. ఆమె ‘మాస్టారూ’ అని పిలిచింది. మళ్ళీ పిలిచింది. గొంతు పెంచి ఇంకోసారి పిలిచింది. నల్లబల్ల ముందు నిలబడి నిన్నటి బొమ్మలు తుడుస్తున్న లెక్కల మాస్టారు వెనక్కి తిరగలేదు.

కథను ఇక్కడే అందుకున్నవాళ్ళకి ఒక్కమాట. పెద్ద మేడమ్ ఈ హైస్కూలుకి హెడ్డుగా వచ్చి ఇంకా ఏడాది నిండలేదు. వచ్చిన కొత్తలో లెక్కల మాస్టారు మెట్లెక్కుతూ మలుపు దగ్గర ఆగి, కమ్మీ గట్టిగా పట్టుకోవడం చూసింది. పెద్దాయన, మోకాళ్ళ నొప్పులు కాబోలు అనుకుంది. ఆయన అడగకముందే మేడమీది మూలగదిని సోషల్ టీచరుకిచ్చి, కింద కొత్తగా కట్టిన గదిని ఆయన పదో తరగతికి కేటాయించింది. తెల్లటి గోడలు, నున్నటి గచ్చు, వెనక గోడ పొడవునా ఇంతింత కిటికీలు. బడిలో అంతకంటే మంచి గది లేదు. అదిగో, ఆ మంచి గదిలోకి వచ్చినప్పటినుంచే మాస్టారి క్లాసు పాడైంది. పిల్లలు అడిగేది ఒకటి, ఆయన చెప్పేది ఒకటి. బట్టల షాపాయన కూతురు జవాబు చెప్పినా చెప్పలేదని నిలబెట్టారట. ఆ పిల్ల ఇంటికెళ్ళి ఏడ్చింది, తండ్రి పై అధికారి దాకా వెళ్ళాడు. ఆ అధికారి ఇవాళ మధ్యాహ్నం వచ్చి పాఠం చూస్తానన్నాడు. మాస్టారు ఇక బళ్ళో ఉండాలా వద్దా అన్నది ఆ పాఠంతో తేలిపోతుంది.

ఇంకా పిల్లలు రాలేదు. వరండాలో ఊడుస్తున్న చీపురు చప్పుడు తప్ప బడంతా నిశ్శబ్దంగా ఉంది. పెద్ద మేడమ్ గదిలోకి అడుగుపెట్టింది. ఆమె నీడ నల్లబల్ల మీద పడ్డాక గానీ మాస్టారు తిరగలేదు.

"అయ్యో మేడమ్, మీరా! ఎంతసేపైంది వచ్చి?"

"ఇప్పుడే," అంది ఆమె.  అనుమానం నిజం కాకూడదని ఉంది. తేల్చుకోకుండా వెనక్కి వెళ్ళిపోవాలనీ ఉంది. కానీ మధ్యాహ్నం వచ్చే మనిషికి ఆ దయ ఉండదు కదా.

ఏదో చూస్తున్నట్టు కిటికీ వైపు తిరిగింది. మామూలు గొంతుతో, "మాస్టారూ, మీ వెనక గోడ మీద తేలుంది," అంది.

మాస్టారు చేతులకంటిన సుద్ద దులుపుకుంటూనే ఉన్నారు.

ఆమె తిరిగి చూసింది. ఆ ముఖం చూసి ఆయన చెయ్యి ఆగింది.

"ఏదో అన్నట్టున్నారు?"

"మీ వెనక తేలుందన్నాను."

ఆయన చప్పున గోడ వైపు చూశారు. తెల్లటి సున్నం తప్ప ఏమీ లేదు. మెల్లగా ఆమె వైపు తిరిగారు.  మాస్టారు వెళ్ళి మొదటి బెంచీలో, పిల్లలు కూర్చునే చోట కూర్చున్నారు. అంత పొడుగు మనిషి ఆ బెంచీలో ముడుచుకుని కూర్చుంటే, జవాబు రాని పిల్లవాడిలా కనిపించారు.

"ఆ తేలేదో నిజంగా ఉన్నా బావుండేది," అన్నారు చివరికి.

పెద్ద మేడమ్ ఆయనకెదురుగా వచ్చి నిలబడింది. "ఎప్పటినుంచి మాస్టారూ?"

"అలా వెళ్ళవు మేడమ్ చెవులు, ఒక్కరోజులో. అప్పుడప్పుడూ వచ్చే చుట్టంలా వస్తూ పోతూ, ఒకసారి వెళ్ళి మరి రాలేదు. మా ఆవిడకి తెలుసు. బల్ల మీద చేత్తో కొడుతుంది, అదురుకి తిరిగి చూస్తాను. అమ్మాయి దూరం నుంచి ఫోన్ చేస్తే ఆవిడే మాట్లాడి, నాన్న పక్కనే ఉన్నారు, తలూపుతున్నారు అంటుంది. చెవిలో పెట్టుకునే మిషనూ తెచ్చుకున్నాను. రేకు మీద గులకరాళ్ళు పోసినట్టు ఒకటే చప్పుడు. అందులో మాట మాత్రం లేదు."

"మరి ఇన్నేళ్ళూ పాఠాలు?"

"పెదాలు చూస్తాను. పైన మూలగదిలో కిటికీలు నా వెనక ఉండేవి. వెలుతురంతా పిల్లల ముఖాల మీద పడేది. ఎవరి నోట్లో ఏ అక్షరం ఉందో నాకు కనపడేది. ఆ గది నేల చెక్క కదా, ఎవరు లేచి నిలబడినా నా కాళ్ళకి తెలిసేది. ఇక్కడ..." ఆయన వెనక గోడ వైపు చెయ్యి చూపించారు. "ఇక్కడ వెలుతురు వాళ్ళ వీపుల మీద పడుతుంది. నాకు కనపడేవన్నీ నల్లటి తలకాయలే. ఆ బట్టల షాపు పిల్ల జవాబు చెప్పే ఉంటుంది. నాకు చీకట్లో చెప్పింది."

పెద్ద మేడమ్ తెల్లటి గోడల వైపు చూసింది. తను ఏరికోరి ఇచ్చిన గది. దగ్గరుండి సున్నం వేయించిన గది.

"మీ మోకాళ్ళ కోసమని..." అంది.

"మోకాళ్ళా? వాటికేమైంది?"

"మెట్ల మలుపు దగ్గర ఆగి కమ్మీ పట్టుకునేవారు కదా రోజూ!"

మాస్టారు ముఖం విప్పారింది. ఆ పరిస్థితిలోనూ నవ్వు ఆపుకోలేకపోయారు. "పైనుంచి పిల్లలు పరిగెత్తుకొస్తుంటే కమ్మీ వణుకుతుంది మేడమ్. మలుపులో వాళ్ళు నాకు గుద్దుకోకుండా, చెయ్యి పెట్టి చూసుకుని, ఎవరూ రావడం లేదంటే ఎక్కేవాణ్ణి. మోకాళ్ళు రాళ్ళలా ఉన్నాయి. కావాలంటే ఇప్పుడు గోడ దూకి చూపిస్తాను."

ఆమెకీ నవ్వొచ్చింది. నవ్వుతోపాటే కళ్ళల్లో నీళ్ళూ తిరిగాయి. ఒక మనిషి చేత్తో వింటుంటే, తను అది నొప్పి అనుకుంది.

"ఒక్కమాట నాతో అనొచ్చు కదా, ఆ గది వద్దని."

"ఎందుకంటే ఏం చెప్పను? మీరు నాకోసం అంత ఇదిగా చేస్తే. పైగా, చెబితే మీరేం చేసేవారు? మంచివారు కాబట్టి సెలవు పెట్టించేవారు. ఇంకా మంచివారైతే సన్మానం చేసి మరీ ఇంటికి పంపేవారు." ఆయన సుద్దముక్కను వేళ్ళ మధ్య తిప్పుతూ కూర్చున్నారు. "ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను. మీకు ముందు నన్నే హెడ్డుగా ఉండమన్నారు. వద్దన్నాను. పదవి మీద మోజు లేనివాడు, పిల్లల్ని వదలలేనివాడు అని ఊరంతా పొగిడింది. నేనూ ఊరుకున్నాను, హాయిగానే ఉంది కదా అని. అసలు సంగతేమిటంటే ఆ కుర్చీ పక్కన ఫోనుంది. అది మోగితే నాకెలా తెలుస్తుంది?"

అదే మాట వేరే ఎవరైనా చెబితే ఆ మనిషి మీద గౌరవం ఒక మెట్టు దిగేదేమో. పెద్ద మేడమ్‌కి మాత్రం ఆయన ఇంకా ఎత్తుగా కనిపించారు. ఇన్నేళ్ళుగా చప్పుడు లేని లోకంలో ఒంటరిగా నిలబడి, ఒక్క పిల్లకీ లోటు రానివ్వకుండా లెక్కలు నేర్పిన మనిషి తనని తాను వెక్కిరించుకుంటున్నాడు.

"మూలగది మీకు తిరిగి ఇచ్చేస్తాను. ఇవాళే," అంది.

"అప్పుడే మార్చి, అప్పుడే తిరగమారిస్తే మీ మాటకి విలువేముంటుంది? కొత్తగా వచ్చారు. స్టాఫు ఇప్పుడిప్పుడే మీ మాట వింటోంది."

"నా విలువ సంగతి నేను చూసుకుంటాను."

"అయితే ఇంకొక్కటి. ఈ సంగతి ఎవరికీ చెప్పనని మాటివ్వండి."

పెద్ద మేడమ్ తటపటాయించింది. "నా అంతట నేను ఎవరికీ చెప్పను. కానీ ఆ అధికారి సూటిగా అడిగితే లేదని అబద్ధమాడలేను మాస్టారూ. నాకు చేతకాదు."

ఆయన ఆమె పెదాల వైపే చూస్తూ ఆ మాట చివరిదాకా చదివారు. "చాలు," అన్నారు. "అంతకంటే ఎక్కువిస్తే నేనే తీసుకోను."

*

స్టాఫ్‌రూములో సోషల్ టీచరు అప్పుడే టీ కప్పు చేతిలోకి తీసుకుంది. పిల్లలు ఆమెకి చాటుగా ‘రేడియో’ అని పేరు పెట్టారు. ఆ సంగతి ఆమెకి తెలుసు. స్టేషను మార్చే ధైర్యం ఎవరికీ లేదని కూడా తెలుసు.

"ఏంటీ, మళ్ళీ గది మారాలా?" కప్పు బల్ల మీద పెట్టేసింది. "మేడమ్, పటాలు తగిలిద్దామంటే ఆ గోడలకి మేకులు దిగక నా వేళ్ళల్లో దిగాయి. ఖండాలన్నీ ఇప్పుడిప్పుడే వాటి వాటి చోట్లకి చేరాయి. మళ్ళీ ఊడదీస్తే ప్రళయమే."

మూలనుంచి ఎవరో కిసుక్కుమన్నారు.

"ఇంటర్వెల్‌లోపు అయిపోవాలమ్మా," అంది పెద్ద మేడమ్.

"సరే, కారణం చెప్పండి. పైనుంచి ఆఫీసరుగారు వస్తున్నాడనా? ఆయన ఏ గదిలో కూర్చుంటే ఏంటి? కుర్చీ ఎక్కడ వేసినా కుర్చీయే కదా?"

గదిలో అందరూ తలెత్తారు. చెప్పగలిగిన కారణాలు ఆమె నోటిదాకా చాలా వచ్చాయి. కొత్త గది పైకప్పు కారుతోందనొచ్చు. పై నుంచి ఆర్డరనొచ్చు. మాస్టారే అడిగారనొచ్చు, అప్పుడు అందరూ ఆయన్ని ఇంకో రకంగా చూస్తారు.

"కారణం నేనే," అంది. "గదులు మార్చేటప్పుడు నేను మాస్టారినీ అడగలేదు, మిమ్మల్నీ అడగలేదు. నాకు తోచింది చేసేశాను. అది తప్పని ఇవాళ తెలిసింది. దిద్దుకుంటున్నాను. మీకు శ్రమ ఇస్తున్నందుకు క్షమించాలి."

ఆ గదిలో అంతకుముందు చాలామంది హెడ్డులు నిలబడి చాలా మాట్లాడారు. కేకలేసినవాళ్ళున్నారు, కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళున్నారు. తప్పు నాది అన్నవాళ్ళు మాత్రం లేరు. టీ తాగుతున్నవాళ్ళు కప్పులు అలాగే పట్టుకుని ఉండిపోయారు.

రేడియో కూడా కాసేపు మూగబోయింది. తర్వాత పెద్దగా నిట్టూర్చింది. "అబ్బ, ఇలా అడిగితే ఎవరు కాదంటారండీ? కొంచెం అధికారంగా అడిగి ఉంటే హాయిగా పోట్లాడేదాన్ని." లేచి అందరివైపూ చూసింది. "చూస్తూ కూర్చున్నారేంటి? పదండి. ఆఫ్రికా ఎవరు పట్టుకుంటారు?"

*

ఇంటర్వెల్‌లో మెట్లన్నీ పిల్లలతో నిండిపోయాయి. పైవాళ్ళు కిందికి, కిందివాళ్ళు పైకి. చుట్టిన పటాలు, సంచులు, నీళ్ళ సీసాలు. రేడియో పైనుంచి, "ఒరేయ్, సముద్రాల్ని నేలకి ఈడవకండ్రా!" అని కేకలేస్తోంది.

మలుపు దగ్గర బట్టల షాపాయన కూతురు పెద్ద మేడమ్‌ని చూసి ఆగిపోయింది. ఈ ఏడాదే వేరే బడి నుంచి వచ్చి చేరిన పిల్ల. బెదురుగా ఉంటుంది, కళ్ళు మాత్రం చురుకు.

"మేడమ్, ఒకటి అడగనా?"

"అడగమ్మా."

"ఈ బళ్ళో లెక్కల క్లాసుకి వేరే రూల్సు ఎందుకున్నాయి మేడమ్?"

"ఏం రూల్సు?"

"మాట్లాడేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టకూడదట. లేచి నిలబడేటప్పుడు గట్టిగా అడుగేసి నిలబడాలట. సారు బోర్డు వైపు తిరిగి ఉంటే అసలు మాట్లాడకూడదట. చేరిన రోజే మా క్లాసువాళ్ళు చెప్పారు. ఎందుకూ అంటే, అక్కావాళ్ళు మాకు చెప్పారు, వాళ్ళకి వాళ్ళ ముందువాళ్ళు చెప్పారు, లెక్కలంటే అంతే అన్నారు. ఎవరికీ ఎందుకో తెలీదు మేడమ్."

పెద్ద మేడమ్ కమ్మీ పట్టుకుంది. దడదడమని దిగుతున్న పిల్లల అడుగులు ఆమె అరచేతిలో వణికాయి. ఎవరో ఒక పిల్లో పిల్లాడో, ఎన్నో ఏళ్ళ కిందట, మాస్టారి గుట్టు కనిపెట్టి ఉంటారు. కనిపెట్టి, ఎవరికీ చెప్పకుండా, ఆ గుట్టును ఒక రూలుగా మార్చి వెనకవాళ్ళకి అప్పగించి వెళ్ళిపోయారు. కారణం మరిచిపోయారు. మర్యాద మాత్రం మిగిలింది. ఎవరికీ తెలియదని ఆయన అనుకుంటున్నారు. ఎవరికీ తెలియకుండానే అందరూ ఆయన్ని కాచుకుంటున్నారు.

ఆ పిల్ల గొంతు తగ్గించింది. "నాకు ఇవాళ పొద్దున తెలిసింది మేడమ్. కొత్త గదిలోకి వచ్చి మాస్టారితో తేలు గురించి మీరు మాట్లాడుతున్నప్పుడు నేను వరండాలో ఉన్నాను. నేను తొందరగా వచ్చేస్తాను కదా." కళ్ళు నిండిపోయాయి. "నేనే మా నాన్నకి చెప్పాను. నావల్లేనా ఆయన వెళ్ళిపోతారు?"

"ఎవరూ ఎక్కడికీ వెళ్ళరు," అంది పెద్ద మేడమ్. ఆ మాట ఎంత ధైర్యంగా అందో లోపల అంత భయపడింది. ఆమె చిన్నప్పుడు తమ్ముడు ‘ఇప్పుడే వస్తా అక్కా’ అని సైకిలెక్కి వెళ్ళాడు. అంతే, మళ్ళీ రాలేదు. తర్వాత ఉద్యోగమంతా ఊళ్ళు మారడం, పెట్టెలు కట్టడం, గేటు దగ్గర ఎవరో ఒకరు చెయ్యి ఊపడం. ఇప్పటికీ ఎవరైనా వెళ్ళొస్తానంటే ఆమెకి అరచేతులు చల్లబడతాయి. ఆ మనిషి మలుపు తిరిగేదాకా గుమ్మంలోంచి కదలదు.

*

అధికారి మధ్యాహ్నం వచ్చాడు. భారీ మనిషి, తెల్ల మీసం. నవ్వూ లేదు, కోపమూ లేదు. మేడమీది మూలగదిలో ఆఖరి బెంచీలో కూర్చున్నాడు. బెంచీ చివర పెద్ద మేడమ్ కూర్చుంది.

మాస్టారు లోపలికి వచ్చి, కిటికీలకి వీపు పెట్టి నిలబడి, ఒక్కసారి క్లాసంతా కలియజూశారు. వెలుతురు పడ్డ ముఖాలు వరసగా ఆయన కోసం ఎదురుచూస్తున్నాయి. దూరప్రయాణం చేసి ఇంటికొచ్చిన మనిషి గడపలో నిలబడి ఊపిరి పీల్చుకున్నట్టు పీల్చుకున్నారు. తర్వాత నల్లబల్ల వైపు తిరిగి, సుద్దముక్కతో ఒకే ఊపులో ఒక వృత్తం గీశారు. కంపాసు లేదు, దారం లేదు. చంద్రుణ్ణి తెచ్చి అతికించినట్టుంది.

"మధ్యలోంచి వ్యాసం గీశాను. ఇప్పుడు వృత్తం మీద ఎక్కడైనా ఒక చుక్క పెట్టండి. మీ ఇష్టం. నేను చెప్పను."

ఒకరు పైన పెట్టారు. ఒకరు పక్కకి పెట్టారు. ఒక గడుగ్గాయి వ్యాసం చివరికి అంటీ అంటనట్టు పెట్టి, "ఇప్పుడు చెయ్యండి సార్!" అన్నాడు.

"నన్ను ఇరికిద్దామనా? ఇరుక్కునేది నువ్వే. రా, నువ్వే కొలువు."

ఆ చుక్క నుంచి వ్యాసం రెండు చివరలకీ గీతలు గీయించారు. కోణమానిని పెట్టించారు. లంబకోణం. ఇంకో చుక్క. లంబకోణం. ఎవరు ఎక్కడ పెట్టినా, ఎంత తెలివిగా పెట్టినా అదే కోణం. పిల్లలు పోటీలు పడి లేస్తున్నారు. ఎవరు లేచినా చెక్కనేల అదురుతోంది, మాస్టారు అటు తిరుగుతున్నారు. ఎవరి పెదాలు కదిలినా ఆయన కళ్ళు అక్కడ వాలుతున్నాయి. ఎవరి మాటా కింద పడనివ్వడం లేదు.

"ఎందుకిలా అవుతోంది? నేను చెబితే రేపటికి మరిచిపోతారు. మీరు కనిపెడితే ముసలివాళ్ళయినా గుర్తుంటుంది. కేంద్రం నుంచి చుక్కకి ఒక గీత గీయండి. ఎన్ని త్రిభుజాలొచ్చాయి?"

పిల్లలు వెతికారు, తప్పారు, దెబ్బలాడుకున్నారు, చివరికి పట్టుకున్నారు. పట్టుకున్నప్పుడు క్లాసంతా ‘ఓ’ అంది. ఆ అరుపు మాస్టారికి వినపడలేదు. అయినా అది ఎప్పుడొస్తుందో ఆయనకి ముందే తెలుసు. దాని కోసమే చేతులు కట్టుకుని నవ్వుతూ నిలబడ్డారు. పెద్ద మేడమ్ తన భయమంతా మరిచిపోయి, తనూ పదో తరగతి పిల్లయి, ‘ఓ’ అంది.

మాస్టారు బల్ల వైపు తిరిగి పిల్లలు కనిపెట్టినదాన్ని రాయడం మొదలుపెట్టారు.

అప్పుడు ఆఖరి బెంచీ నుంచి అధికారి గొంతు వచ్చింది. "మాస్టారూ, చుక్క వృత్తం మీద కాకుండా బయట పెడితే?"

మాస్టారి చెయ్యి రాస్తూనే ఉంది.

పిల్లలు వెనక్కి తిరిగి చూశారు. అధికారి మళ్ళీ అడగలేదు. బెంచీకి వీపు ఆనించి చూస్తూ కూర్చున్నాడు. 

ధబ్‌మని నేల అదిరింది. బట్టల షాపాయన కూతురు లేచి నిలబడింది. మాస్టారు వెనక్కి తిరిగారు. ఆ పిల్ల గడ్డం ఎత్తి, వెలుతురుకి ముఖమిచ్చి, ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

"సార్, చుక్క బయట పెడితే ఏమవుతుందని వెనకనుంచి అడుగుతున్నారు సార్."

మాస్టారు ఆ పిల్లని చూశారు. ఆఖరి బెంచీని చూశారు. ఏం జరిగిందో ఆయనకి అర్థమైంది. 

"చక్కటి ప్రశ్న. బయట పెడితే కోణం తగ్గుతుంది. దూరం జరిగేకొద్దీ ఇంకా తగ్గిపోతుంది. లోపల పెడితే పెరుగుతుంది. వృత్తం మీదున్నంత వరకే అది లంబకోణం. రండి సార్, మీరే వచ్చి పెట్టండి."

అధికారి లేచి వెళ్ళాడు. చెప్పిన చోట బుద్ధిగా చుక్క పెట్టాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

*

కింద ఆఫీసు గదిలో తలుపు వేశాక అధికారి కూర్చోలేదు.

"నేనూ లెక్కలు చదువుకున్నవాణ్ణే మేడమ్. ఇంత మంచి పాఠం నా చదువులో నాకు దొరకలేదు. ఇది ముందు చెప్పి రెండోది అడుగుతాను. ఆయనకి వినపడదు, అవునా? ఆ ప్రశ్న కావాలనే వెనకనుంచి అడిగాను."

పెద్ద మేడమ్ బల్ల అంచు పట్టుకుంది. "నా అంతట నేను ఆ సంగతి చెప్పనని మాటిచ్చాను సార్."

"అంటే చెప్పేసినట్టే కదా?"

ఆమె ముఖం మాడిపోయింది. అబద్ధమాడలేదు, మాటా నిలబెట్టుకోలేకపోయింది.

తలుపు తెరుచుకుంది. మాస్టారు లోపలికొచ్చారు. "మేడమ్‌ని ఇబ్బంది పెట్టకండి సార్. మీరడిగింది తలుపు అద్దంలోంచి నాకు కనపడింది. చాటుగా వినడం తప్పు, ఒప్పుకుంటాను. మీరైతే చెవులు మూసుకుని నడవగలరు, నేను కళ్ళు మూసుకుంటే గోడకి కొట్టుకుంటాను."

అధికారికి నవ్వొచ్చింది, ఆపుకున్నాడు.

మాస్టారు నిటారుగా నిలబడ్డారు. "అవును సార్. నాకు వినపడదు. చాలా ఏళ్ళుగా వినపడదు. ఈ మాట బయటి మనిషితో చెప్పడం ఇదే మొదలు." చెప్పి గుండెల నిండా గాలి పీల్చుకున్నారు. "అనుకున్నంత కష్టంగా ఏం లేదు."

అధికారి ఆయనకి ఎదురుగా వచ్చి, నెమ్మదిగా, స్పష్టంగా అన్నాడు. "మీ మీద వచ్చిన ఫిర్యాదు కొట్టేస్తున్నాను. మీ పాఠంలో లోపం లేదు."

మాస్టారి కళ్ళు మెరిశాయి. పెద్ద మేడమ్ కుర్చీలో కూలబడింది. 

కానీ అధికారి కదల్లేదు. ఆ తర్వాతి మాట మాస్టారి ముఖం చూస్తూ చెప్పలేకపోయాడు. కిటికీ దగ్గరికి వెళ్ళి, బయటికి చూస్తూ, మీసం మీద చెయ్యేసుకుని, ఆమెకి మాత్రమే వినపడేలా అన్నాడు.

"ఇది తెలిశాక ఆయన్ని ఇక్కడ ఉంచడం నా చేతుల్లో లేదు మేడమ్. డాక్టర్ల ముందుకి పంపాలి. వాళ్ళేం రాస్తారో మనకి తెలిసిందే. ఉద్యోగం పోతుంది. ఒక్క దారి ఉంది. మా ఊళ్ళో వినపడని పిల్లల బడి నా కిందే ఉంది. ఆ పిల్లలకి లెక్కలు చెప్పే మనిషి ఇంతవరకూ దొరకలేదు. ఎందుకు దొరకలేదో ఇవాళ నాకు తెలిసింది, వినపడేవాళ్ళలో వెతికాను. ఆయన ఒప్పుకుంటే సోమవారం నుంచి అక్కడ. అది చాలా దూరం. ఇక్కడికి మళ్ళీ రావడం ఉండదు. ఈ పదో తరగతి ఏమవుతుందో నేను చెప్పలేను." ఇటు తిరిగి టోపీ తీసుకున్నాడు. "మీరే చెప్పండి ఆయనకి. నావల్ల కాదు. మిగతా క్లాసులు చూసి వచ్చేసరికి జవాబు కావాలి."

తలుపు మూసుకుంది.

గదిలో ఇద్దరే మిగిలారు. పైన మూలగదిలో పిల్లలింకా వాదులాడుకుంటున్నారు, చుక్క ఎక్కడ పెట్టాలని. ఆ చప్పుడు ఆమెకి వినపడుతోంది. ఆయనకి లేదు.

మాస్టారు ముందుకి వంగారు. ముఖంలో చిన్నపిల్లాడి సంబరం. "మొదటిది అందింది, ఫిర్యాదు కొట్టేశారు. తర్వాత అటు తిరిగిపోయారు, పైగా మీసం మీద చెయ్యొకటి. ఒక్క ముక్క అందలేదు. ఏమన్నారు?"

పెద్ద మేడమ్ మూసిన తలుపు వైపు చూసింది. ఏం లేదు మాస్టారూ, మీ పాఠం మెచ్చుకున్నారు, అని చెప్పొచ్చు. అధికారి వచ్చి అడిగితే మాస్టారు ఒప్పుకోలేదనొచ్చు. ఈయన నవ్వుకుంటూ మెట్లెక్కి వెళ్ళిపోతారు. డాక్టర్లు పిలిచేదాకా కొన్నాళ్ళు ఆ పిల్లలకి మాస్టారుంటారు, ఈ బడికి మాస్టారుంటారు, తనకీ ఉంటారు. ఆ దూరపు బళ్ళో పిల్లలు మాత్రం వాళ్ళలాంటి మనిషి ఒకరున్నారని తెలియకుండానే ఉండిపోతారు. నిజం చెబితే సోమవారం గేటు దగ్గర నిలబడి, ఇంకొక మనిషి మలుపు తిరిగేదాకా చూడాలి.

"ఏంటి మేడమ్, అలా అయిపోయారు?" ఆయన నవ్వు కొంచెం తగ్గింది. కుర్చీ ఆమెకి ఎదురుగా లాక్కుని, ఆమె పెదాల మీద చూపు నిలిపారు. "చెప్పండమ్మా. మీ నోటివెంట ఏది వస్తే అదే నేను విన్న మాట."